మౌనవ్రతం పట్టించిన ఇంగ్లిష్ ఆట

ఆ రోజుల్లో నాకు ఇంగ్లిష్ మాట్లాడటమంటే ఎంత భయమంటే, ఫోన్‌లో ఎవరైనా ఆ భాష మొదలుపెడితే సిగ్నల్ అందనట్టు "హలో, హలో" అని పెట్టేసేదాన్ని. కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా చేత్తో రాసి చెప్పొచ్చు, నోరు తెరిచే పనిలేదన్న ధైర్యంతోనే ఆ చదువు చదివాను. అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించే ఆట తయారుచేయడం. (నవ్వుకోండి, నేనేమీ అనుకోను.) కరీంనగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన మూడు గదుల ఆఫీసు మాది. మా సారును చాటుగా 'ఫికర్ సార్' అనేవాళ్లం. "ఫికర్ చెయ్యకుండ్రి" అని అందరికీ రోజుకు పదిసార్లు చెప్పి, తను మాత్రం గోళ్లు కొరుక్కునేవాడు. చేరిన రోజే నాకు తేల్చి చెప్పాడు. "ఆర్నెల్లల్ల ఆట తయారుగావాలె. మనకు పైసలిచ్చే హైదరాబాద్ మేడమొచ్చి మంచిగున్నదంటె నీ నౌకరి పక్కా. లేకుంటె నేను జెయ్యగలిగేదేం లేదమ్మా." నౌకరి పోతే నాకు వేరే పని సిద్ధంగానే ఉంది. లక్సెట్టిపేటలో మా మేనమామకు చీరల దుకాణం ఉంది. విప్పేసిన చీరలు మడతపెట్టడానికి నమ్మకమైన మనిషి కావాలని ఆయన అప్పటికే మా బాపు చెవిలో వేసి ఉంచాడు.

ఆట చాలా సులువు. నది మీద ఒక కొంగ ఎగురుతుంటుంది. తెర మీద ఒక బొమ్మ వస్తుంది. దాని గురించి ఇంగ్లిష్‌లో ఏదో ఒకటి చెబితే కొంగ పైకి లేస్తుంది. తప్పు చెప్పినా లేస్తుంది, నోరు విప్పడమే ముఖ్యం. విప్పకపోతే నీళ్లలో పడుతుంది. ఆ పడే చప్పుడు అచ్చంగా ఉండాలని నాకు పట్టుదల. సెలవుకు ఇంటికి వెళ్లి, వాకిట్లో గోళెం నిండా నీళ్లు పోసి, రకరకాల రాళ్లు వేస్తూ ఫోన్‌లో రికార్డు చేశాను. అవ్వ చీపురు పట్టుకుని నిలబడి చూసింది, చూసింది, ఇక ఉండబట్టలేకపోయింది. "గోళెంల రాళ్లేసుడేందే? గింత సదువు సదివింది గిందుకేనా?" చివరికి గుమ్మడికాయంత గుండ్రాయి ఒకటి 'డుబుక్కు'మని, వెనకాల నాలుగు బుడగల చప్పుడు కూడా ఇచ్చింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఎగరడానికి మాత్రం ఎక్కడో ఉత్తగా దొరికిన రెక్కల చప్పుడు తగిలించి చేతులు దులుపుకున్నాను.

మొదటిసారి ఆటను బోథ్ దగ్గర ఒక ఊరి బడికి తీసుకెళ్లాను. ఐదో తరగతి. మొదటి పిల్ల లేచి, చేతులు కట్టుకుని, తెర వంక చూస్తూ బిగుసుకుపోయింది. కొంగ డుబుక్కుమంది. తరగతిలో కిసకిసలు. రెండో పిల్లవాడూ అంతే, మూడో పిల్లా అంతే. నా బాధే కదా వీళ్లదీ అనుకున్నాను. ఆడుకుంటే అలవాటవుతుందని రెండు ట్యాబ్‌లు అక్కడే వదిలి వచ్చి, "పిల్లలకు ఇంగ్లిష్ అంటే తీవ్రమైన భయం" అని నివేదిక రాశాను. పాపం, ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఇద్దామని కొంగ మెల్లగా పడేటట్టు మార్చాను. ఇప్పుడది గాలిలో మూడు గిరికీలు కొట్టి, కాళ్లు పైకి పెట్టి, ఆపైన మునిగేది. ఆ మార్పు ఆ రాత్రే బడిలోని ట్యాబ్‌లకూ చేరింది.

మూడు వారాల తర్వాత ఫికర్ సార్, హైదరాబాద్ మేడం, నేను అదే బడికి వెళ్లాం. టీచరమ్మ గుమ్మంలోనే నా చేతులు పట్టుకుంది. "ఏం ఆట జేసినవ్ బిడ్డా! అది వచ్చినకాంచి క్లాసు గింత సప్పుడు లేకుండ ఉండుడు నా సర్వీసుల సూడలే." సార్ ముఖం నల్లబడింది. మాట్లాడించే ఆటకు వచ్చిన మెప్పు అది. లోపల పిల్లలందరూ పెదాలు బిగించి కూర్చున్నారు. వరసగా ఎనిమిది కొంగలు గిరికీలు కొట్టి మునిగాయి. మేడం నా వైపు తిరిగి, ఇంగ్లిష్‌లో, నువ్వే ఒకసారి ఆడి చూపించమంది. ట్యాబ్ పట్టుకున్నాను. బర్రె బొమ్మ వచ్చింది. బర్రెను ఇంగ్లిష్‌లో ఏమంటారో నాకు రెండో తరగతి నుంచీ తెలుసు. కానీ మేడం వింటోంది, సార్ గోళ్లు కొరుకుతున్నాడు. నా కొంగ తాపీగా గిరికీలు కొట్టి, కాళ్లు పైకెత్తి, డుబుక్కుమంది.

తరగతి మొత్తం నన్ను చూపిస్తూ లేచి గంతులేసింది. "మేడం గెలిచింది! మేడం గెలిచింది!"

ముందు బెంచీలో రెండు జడల పిల్ల జాలిపడి నాకు విడమరిచి చెప్పింది. "కొంగ ఎగురుడు ఏం మంచిగుండదు మేడం. పడుడే మంచిగుంటది. మాట్లాడితె పడదు గదా, గందుకే ఎవ్వలం మాట్లాడొద్దని ఒట్టు పెట్టుకున్నం. మాట్లాడినోళ్లు అవుటు."

"మరి మీకు ఇంగ్లిష్ అంటే భయం లేదా?" అన్నాను.

"భయమెందుకు? తప్పు జెప్పినా అది ఏమంటలేదు గదా."

ఆర్నెల్లు కష్టపడి నేను పిల్లలకు మౌనవ్రతం నేర్పానన్నమాట. అంతకన్నా సిగ్గేసిన సంగతి ఇంకొకటి. ఆ గదిలో ఇంగ్లిష్‌కు భయపడే మనిషి ఒక్కతే ఉంది, అది నేను. నా భయాన్నే వాళ్ల పేరు మీద నివేదికలో రాసి పంపాను. హైదరాబాద్ మేడం ఇంకా నా వైపే చూస్తోంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నోరు తెరిచాను. పిల్లలకు భయం లేదని, భయం నాదేనని, భోజనాల గంట అయ్యేలోగా ఆట సరిచేస్తానని, వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పేశాను. మేడం నవ్వలేదు. "గో అహెడ్" అంది.

పిల్లలు అన్నం తింటుంటే నేను వరండాలో కూర్చుని ఆటను తలకిందులు చేశాను. మాట్లాడితేనే కొంగ చేప కోసం దూకుతుంది, ఊరుకుంటే బద్ధకంగా ఎగురుతూనే ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆ తరగతి చేసిన గోలకు పక్క తరగతి పిల్లలు కిటికీలకు వేలాడారు. టీచరమ్మ నన్ను చూసిన చూపులో పొద్దుటి ప్రేమ లేదు. దారిలో ఫికర్ సార్ "నీ నౌకరి పక్కా" అని చెప్పాక గానీ నాకు ఆకలి తెలియలేదు.

ఇప్పుడు ఇంగ్లిష్‌లో గంటసేపు ఆపకుండా మాట్లాడతాను, వినేవాళ్లే ఆవులిస్తారు. ఆ రోజు నేను మాట్లాడిన దానిలో ఎన్ని తప్పులున్నాయో ఇప్పుడు నాకు తెలుసు, తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆనాటి నేను ఎప్పుడైనా నాకే ఎదురుపడితే మాత్రం భుజం తట్టి, "మంచిగనే మాట్లాడినవ్ పో" అనాలని ఉంటుంది. ఆ రోజు ఆ మాట ఎవరూ అనలేదు మరి.