కూతకి ముందు లెక్కలు, కూత తర్వాత ఇంగ్లీషు

ఆ రోజుల్లో బడి అంటే పాఠాలు చెప్పి ఊరుకునేది కాదు. జీవితంలో ముందు ముందు ఏమేం ముంచుకొస్తాయో లెక్కగట్టి, అన్నిటికీ విరుగుడు నేర్పి మరీ పిల్లల్ని బయటికి పంపుతున్నానని నమ్మేది. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మా తెలుగు బడి సంగతి చెబుతున్నాను. అందులోనూ మా లెక్కల మేస్టారు మరీను. ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు, అందరికీ ప్లాను మేస్టారే. ఎనభైల చివర్లో, రైల్వే వర్క్‌షాపు అప్రెంటిస్ పరీక్షకి వెళ్ళబోయే మా పన్నెండుమందినీ బడి అయ్యాక కూర్చోబెట్టి పరీక్షతో పాటు దాని చుట్టూ ఉండే సమస్త ప్రమాదాలూ నేర్పేవారు. పెన్ను ఆగిపోతే ఏం చెయ్యాలి, పక్కవాడు వాంతి చేసుకుంటే ఎటు జరగాలి, పైకప్పు కారితే కాగితం ఎలా కాపాడుకోవాలి (ఈ చివరిదానికి ఒకరోజు నిజంగానే మా నెత్తిన చెంబుతో నీళ్ళు పోశారు). మాలో ఒకడు మాత్రం రెండోరోజు నుంచే ఎగ్గొట్టి ఫుట్‌బాల్‌కి పోయాడు. వాణ్ణి చూసి మేమంతా జాలిపడ్డాం.

నాకు ఆ పరీక్ష చావుబతుకుల సమస్య. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, ఆ ఏడాది చివర రిటైరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేముండే క్వార్టరు రైల్వేది. కొడుకు రైల్వేలో చేరితే అది కొడుకు పేరు మీదికి మారుతుంది, లేదంటే ఖాళీ చెయ్యాలి. నేనూ చెల్లెలూ పుట్టింది ఆ ఇంట్లోనే. అమ్మ ఏ ప్రార్థన చేసినా చివర్లో క్వార్టరు నంబరు కూడా చెప్పేది (ప్రభువు పొరపాటున పక్కవాళ్ళ క్వార్టరు కాపాడేస్తాడేమోనని భయం).

పరీక్ష పదకొండు నుంచి ఒంటిగంట దాకా. సగం లెక్కలు, సగం ఇంగ్లీషూ జనరల్ నాలెడ్జీ. మావాళ్ళందరికీ లెక్కల్లో కూరుకుపోయి రెండో సగం వదిలేసే జబ్బుంది. దానికి మేస్టారు కనిపెట్టిన మందు వర్క్‌షాపు సైరన్. దాన్ని మేం కూత అనేవాళ్ళం. ఊళ్ళో అన్నాలు వండేదీ, పిల్లలకి తలంటు పోసేదీ ఆ కూతల ప్రకారమే.

"వాచీలు పెట్టుకోకండిరా. మాటిమాటికీ సూసుకుంటే గాబరా. పన్నెండు కూత దాకా లెక్కలు సెయ్యండి. కూత అయిందా, ఏ లెక్కలో ఉన్నా ఒగ్గీసి ఇంగ్లీసులోకి ఎలిపోండి" అన్నారు.

మూడు నెలలు సాయంత్రం కూతతో అలాగే సాధన చేశాం. చివరికి కూత వినపడగానే చేతులు వాటంతటవే పేజీ తిప్పేసేవి.

పరీక్ష రోజు పొద్దున్న నాన్న తన వాచీ తీసి ఇచ్చాడు. వద్దన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఆదివారం ఆరాదన మానీసి పరీచ్చేటిరా?" అని నొచ్చుకుంది. "ఆదివారం పెట్టింది నేనేటి, రైల్వేవాళ్ళు పెట్టినారు!" అని విసుక్కున్నాను. ఇన్నేళ్ళ తరవాత ఒట్టేసి చెబుతున్నాను, ఆదివారమని నేను నా నోటితోనే అన్నాను. సెలవు కాబట్టే నాన్న ఇంట్లో ఉన్నాడు. అయినా మా ముగ్గురిలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

హాల్లో లెక్కలు మంచినీళ్ళలా సాగిపోయాయి. అన్నీ అయిపోయినా కూత కాలేదు. ఎంత చురుగ్గా చేశానురా అని మురిసిపోయాను. మొదటినుంచీ సరిచూశాను, చివరినుంచీ సరిచూశాను. కూత లేదు. పక్కకి చూస్తే మా బడివాడే ఒకడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి ఆకాశంలోకి చూస్తున్నాడు. వాణ్ణి చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఇంతలో కాపలా ఉన్న బెంగాలీ పెద్దాయన "ఔర్ దస్ మినిట్!" అన్నాడు, ఇంకో పది నిమిషాలేనని.

"దాదా, వర్క్‌షాప్ కా సైరన్ బజా క్యా?" అని అడిగాను, కూత కూసిందా అని.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆజ్ తో రొబిబార్ హై, భాయి" అన్నాడు జాలిగా. ఈరోజు ఆదివారం కదా నాయనా, అని.

ఆ పది నిమిషాల్లో ఏం రాశానో దేవుడికే తెలియాలి. ఇంగ్లీషులో ఒక ఖాళీ పూరించడానికి మా చెల్లెలి పేరు వాడినట్టు మాత్రం గుర్తు.

బయట గేటు దగ్గర పదకొండుమందిమీ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం. అందరిదీ అదే కథ. అప్పుడు ఫుట్‌బాల్ వాడు ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నువ్వు టైమెలగ తెలుసుకున్నావురా?" అని అడిగాం.

"ముందు కూసున్నోడి సేతికి వాచీ ఉంది గదేటి" అన్నాడు వాడు.

మా బడినుంచి ఎంపికైంది వాడొక్కడే. ఫలితాల కాగితం చూసిన రోజు నాన్న తన వాచీకి కీ ఇచ్చుకుని పనికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ ప్రార్థనలో క్వార్టరు నంబరు చెప్పడం మానేసింది.

నాన్న రిటైరయ్యాక తాల్‌బగీచాలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాన్లు రిక్షా బండికి ఎక్కిస్తుంటే మేస్టారు వచ్చారు. మా బియ్యం డబ్బా తనే మోసుకొచ్చి బండిలో పెట్టి, అక్కడే నిలబడిపోయారు.

"మూడు నెల్లు ఆలోసించినానురా. వానొస్తాదనుకున్నాను, జొరమొస్తాదనుకున్నాను. ఆదివారం వొస్తాదనుకోనేదు" అన్నారు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇల్లు పోయినందుకు కాదు, ఆయన మొహం చూడలేక. ఏదో ఒకటి అనాలి కదా అని, "మీ తప్పేటీ నేదండి మేస్టారూ. నాకే లెక్కలు రానేదండి" అన్నాను.

ఆయన చటుక్కున తలెత్తారు. కళ్ళు తుడుచుకుని, "అదేటిరా, నా దగ్గిర నూటికి తొంబై తగ్గనోడివి! అబద్దమాడాలంటే కాస్త నమ్మేలాగన్నా ఆడొద్దేటి?" అని నా నెత్తిమీద ఒక్కటిచ్చారు.

ఎవరూ నేర్పకుండా, ఏ ప్లానూ లేకుండా నేను రాసిన మొదటి పరీక్ష ఆ అబద్ధమే. బండి వెనకాల నెత్తి తడుముకుంటూ నడుస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, అందులోనూ తప్పాడు.