సీనియర్ గారి పేరా

మొన్న గాజువాకలో మా అమ్మాయి ఇంట్లో కాఫీ తాగుతుంటే, లా చదువుతున్న మనవరాలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. కాలేజీకి ఇచ్చిన వ్యాసంలో ఓ పేరా అంతా ఎర్రరంగు పులిమి ఉంది. "తాతా, ఇది నీదే అన్నావు కదేటి? ఏదో పాత తీర్పులో మక్కీకి మక్కీ ఉందంటన్నారు," అంది. కాఫీ పక్కన పెట్టి ఆ పేరా మళ్లీ చదివాను.

మా తరం ప్లీడర్లకు చెప్పనక్కర్లేదు, పాత దావా కాగితాలు చూసి దించడమే మనకు చదువు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన నాన్నగారు నన్ను పాత ఊళ్లో ఓ సీనియర్ గారి దగ్గర చేర్చారు. మొదటి వారమే సొంతంగా నోటీసు రాసి, తెగ మురిసిపోతూ చూపిస్తే, ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏటి బాబూ, సొంత తెలివా? ఉన్నది సూసి దించు. దించగా దించగా నీదే అవుద్ది," అన్నారు. అలా దించినవాటిలోదే ఈ పేరా. ఓడ సరుకు మోస్తూ చెయ్యి పోగొట్టుకున్న కూలీ గురించి, పోయింది ఒక చెయ్యి కాదు, ఆ ఇంటిల్లిపాది నోటి దగ్గరి ముద్ద అని. నలభై ఏళ్లు ఎన్ని పిటిషన్లలో రాశానో! రాసీ రాసీ అది సీనియర్ గారిదన్న సంగతే మరిచిపోయాను, ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి దించారో ఎవరు అడిగారు గనక?

వ్యాసంలోకి ఈ పేరా చెప్పి రాయించినప్పుడే పిల్ల అడిగింది పాపం, ఎక్కడిదో కింద రాయాలి తాతా అని. నాదేనే, రాసుకో అని మీసం దువ్వాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఉండబట్టలేక పిల్లను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. ఆ లెక్చరరమ్మ మా అమ్మాయి కన్నా చిన్నది, మర్యాదగా కుర్చీ వేసి, పేపరు మీద పేరు మీ మనవరాలిదే కదండీ అంది. ఇంతకాలం ఎవరెవరి తరఫునో వాదించిన నేను ఆ ఒక్క మాటకు దణ్ణం పెట్టి లేచాను. వ్యాసం కొట్టేశారు, వచ్చే ఏడు ఆ సబ్జెక్టు మళ్లీ రాయాలి. తిరుగు దారిలో పిల్ల నా సంచీ తనే మోసింది, అదే నన్ను ఎక్కువ కోసింది.

మన రోజుల్లో పదిమంది మాట నోటికి వచ్చినవాణ్ణి పండితుడన్నారు. ఇప్పుడు ఎవరి మాటో చెప్పకపోతే దొంగ అంటున్నారు. అదీ న్యాయమే, కాదనలేను. కనీసం పిల్లకు క్షమాపణ అయినా రాసిద్దామని నిన్న కాగితం తీశాను. కలం దానంతటదే కదిలింది: కావున తమరు దయతలచి నా తప్పును మన్నించవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.

మనవరాలు చదివి, నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఇది కూడా సీనియర్ గారిదేనా తాతా?"