కుంకుమ పడని స్క్రూడ్రైవర్

మా ఖరగ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ నాడు పనిముట్లకి సెలవు. మనుషులకీ సెలవే గానీ, అది పనిముట్ల పుణ్యాన దొరికింది. రెంచీలు, సుత్తులు, రంపాలు అన్నీ కడిగి, వరసగా పేర్చి, పసుపు రాసి కుంకుమ పెడతారు. ఒకసారి బొట్టు పడిందంటే మర్నాడు పొద్దున్న దాకా ఆ వస్తువుని ఎవరూ ముట్టుకోకూడదు. ఫిట్టర్లతో, వెల్డర్లతో, వాళ్ళ కొడుకులతో నిండిన రైల్వే టౌన్ ఇది. అలాంటి ఊళ్ళో ఆ ఒక్కరోజు ఊడిన మేకు ఊడినట్టే ఉంటుంది. చూడ్డానికి ముచ్చటైన ఆచారమే, ఇంట్లో ల్యాప్‌టాప్ విప్పాల్సిన పని పడనంత వరకు.

ల్యాప్‌టాప్ మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. తను సివిల్ డిప్లొమా చదివి ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి, ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం ఉంది, ముందు ఒక పరీక్ష పెడతాం అని కబురు చేసింది. పొద్దున్న వాళ్ళొక ఇంటి ప్లాన్ పంపుతారు. సాయంత్రం లోపు అప్ప దాన్ని త్రీడీలో నిలబెట్టి వెనక్కి పంపాలి. చదివిన చదువుకి తగిన పని, అదీ ఊరు వదలకుండా, తన గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి. పరీక్ష విశ్వకర్మ పూజ నాడే పడింది. హైదరాబాద్‌లో అది మామూలు రోజు.

చిక్కంతా ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న నాలుగు జీబీ మెమరీతోనే. మొదటి గదికి గోడలు లేపేదాకా మర్యాదగా నడిచేది. రెండో గదికి తలుపు పెట్టగానే బిగుసుకుపోయేది. అప్పుడు అప్ప రెండు చేతులూ గాల్లోకి లేపి, ఎవరూ ఊపిరి పీల్చొద్దన్నట్టు మా వైపు చూసేది. మేం ఊపిరి బిగబట్టి కూడా చూశాం. ల్యాప్‌టాప్‌కి ఏమీ తేడా పడలేదు.

"కొత్తది కొనీరా నాయనా, పిల్ల ఏడుస్తన్నాది," అంది అమ్మ.

"కొత్తదక్కర్లేదే. మెమరీ యేస్తే సాల్తాది," అన్నాను. ఇంట్లో ఏదైనా విషయం గురించి పూర్తి వాక్యం మాట్లాడినవాడే దానికి ఇన్‌చార్జి. అలా నాకు పదవి వచ్చింది.

మెమరీ ఎంచుకోవడం చొక్కా ఎంచుకున్నట్టు కాదు, వదులైతే కుట్టించుకోవడం కుదరదు. ముందుగా అది ఏ తరానిదో చూడాలి. డీడీఆర్ త్రీ పట్టే చోట డీడీఆర్ ఫోర్ దూరదు, మెమరీ ముక్క అడుగున ఉండే గాడి ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. తర్వాత పొడుగు. బల్ల మీద పెట్టే కంప్యూటర్‌ది పొడుగు ముక్క, ల్యాప్‌టాప్‌ది పొట్టిది. తర్వాత ఆ ల్యాప్‌టాప్ మొత్తం ఎంత మెమరీని ఒప్పుకుంటుంది, లోపల రెండో స్లాట్ అంటూ ఉందా లేదా అన్నది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికించి పంపుతారు. వాటి ముందు కొబ్బరికాయ కొట్టినా లాభం లేదు. ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, మూత విప్పకుండానే ఇవన్నీ తెలుసుకున్నాను. డీడీఆర్ ఫోర్, ఒక స్లాట్ ఖాళీ. ఎనిమిది జీబీ ముక్క ఒకటి చాలు.

వర్క్‌షాపులో వ్యాగన్ ఫిట్టరైన మా నాన్న నా వెనకే నిలబడి ఇదంతా చూశాడు. ఆయనకి పనికొచ్చే మాట అందులో ఒక్కటే కనబడింది.

"స్పీడెంత?"

"పాత ముక్కది తక్కువ, కొత్త ముక్కది ఎక్కువ."

"అలగయితే కొత్తది ముందెల్లిపోద్ది, పాతది ఎనకుండిపోద్ది."

"లేదు నాన్నా. రెండూ పాతదాని స్పీడుకే నడుస్తాయి."

"అంటే గూడ్సు ఎనకాల ఎక్స్‌ప్రెస్సు."

"అంతే."

"మరి ఎక్స్‌ప్రెస్సుకి టికెట్టెందుకురా?"

దీనికి జవాబు ఇంటర్నెట్‌లో కూడా దొరకలేదు. "బజార్లో ఇప్పుడు అదే దొరుకుతుంది నాన్నా," అని తప్పించుకున్నాను.

గోల్‌బజార్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణం ఒక తెలుగాయనది. చుట్టం కాకపోయినా బాబాయ్ అంటాం. నేను రాసుకెళ్ళిన చీటీ చదవడం పూర్తికాకముందే ఆయన ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, ఇది పొడుగుది. ల్యాప్‌టాప్‌కి పట్టదు."

"పొడుగుంటే మంచిదే గదేటి!" అని తనే నవ్వి, లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చాడు. అది పొట్టిదే, తరం పాతది. మూడోది తేలేదు. "నీక్కావలసింది కలకత్తా నుంచి రావాల. పూజ నాడు పొద్దున్నే నువ్వొచ్చీ, ఇచ్చీస్తాను," అన్నాడు.

ఠీక్ హై అని వచ్చేశాను. పరీక్ష, పూజ ఒకే రోజని ఇంట్లో అందరికీ తెలుసు. స్క్రూడ్రైవర్ కూడా పనిముట్టేనన్నది ఎవరికీ తట్టలేదు.

పూజ నాడు లేచేసరికి నాన్న ముందుగదిలో వర్క్‌షాపుని దించేశాడు. సుత్తి, పట్టకారు, రంపం, సైకిల్ పంపు, కళ్ళద్దాల మరలు బిగించడానికి కొన్న బుల్లి స్క్రూడ్రైవర్ల డబ్బా, అన్నింటికీ బొట్లు. అప్ప మాత్రం ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీ కూడా అలాగే తాగింది. నాన్న కుంకుమ భరిణెతో తన చుట్టూ తిరుగుతున్నాడు.

"దానికీ ఒక్క బొట్టెట్టీనా?"

"నాన్నా, దగ్గిరికి రాకు."

నేను సైకిలేసుకుని గోల్‌బజార్ వెళ్ళాను. బాబాయ్ మాట తప్పలేదు. ముక్క తరం చూశాను, పొడుగు చూశాను, గాడి చూశాను. అన్నీ సరే. "ల్యాప్‌టాప్ తెస్తాను, నువ్వే బిగించీ బాబాయ్," అన్నాను.

"ఏటి బిగించీది? అటు సూడు."

దేవుడి బొమ్మ ముందు ఆయన స్క్రూడ్రైవర్లన్నీ బంతిపూలు కప్పుకుని పడుకున్నాయి. "నా సేత్తో నానే ఎట్టినాను బొట్టు. రేపు రా," అని నా చేతిలో ఒక లడ్డూ పెట్టాడు.

ఇంటికొస్తే నాన్నదీ అదే మాట. "రేపు." అప్పటికే హైదరాబాద్ నుంచి ప్లాన్ వచ్చింది, రెండో గది తలుపు దగ్గర ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది.

"సాయంత్రానికి పంపకపోతే మరింక పిలవరు నాన్నా," అంది అప్ప. అరవలేదు. అరిస్తే నేనేదో ఒక జోకు వేసేవాణ్ణి. మామూలుగా చెప్పింది.

"నానేటి సెయ్యనమ్మా? మీ తాత కాడ్నుంచి వొస్తన్న పద్దతి. ఈ రోజున రెంచీ పట్టి యేలు తెగ్గొట్టుకున్నోల్ని సూసినాను."

"రెంచీ కాదు నాన్నా, గోరంత స్క్రూ," అన్నాను నేను.

"గోరంతయితే యేలు తెగదేటి?"

మళ్ళీ సైకిలెక్కాను. పక్కింటి బెంగాలీ దాదా, "ఆజ్ హోబే నా, భాయ్," అని ఈ రోజు కుదరదనేసి దోసిట్లో బూందీ పోశాడు. ఖరిదాలో సైకిళ్ళు బాగుచేసే అతను అరటిపండు ఇచ్చాడు. హిజ్లీ వైపు మొబైల్ రిపేరు అతని దగ్గర నాక్కావలసిన స్క్రూడ్రైవరే ఉంది, పూలదండలోంచి కొస కనబడుతోంది. "కావాలంటే ఫోటో తీస్కో," అన్నాడతను. కొత్తది కొందామంటే హార్డ్‌వేర్ కొట్టాయన షట్టర్‌కే దండేసి వెళ్ళిపోయాడు. ఇంటికి చేరేసరికి నా కడుపు నిండింది, చేతులు ఖాళీ.

అమ్మ వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతూ నా కథంతా వింది. "ఎంతున్నాదిరా ఆ స్క్రూ?" అంటూ లేచి వచ్చి, ల్యాప్‌టాప్‌ని తిరగేసి చూసింది. దుంపల కళ్ళు తీసే సన్నమొన కత్తిని చెంగుకి తుడుచుకుంది.

"ఆగే!" అన్నాడు నాన్న. "ఈ రోజు పనిముట్టు ముట్టకూడదు."

"ఇది పనిముట్టేటి?"

"మరి కాదా?"

"అయితే దీనికి బొట్టేదీ? పెళ్ళయి వొచ్చిన కాడ్నుంచి సూస్తన్నాను. సుత్తికెట్టినావు, రంపానికెట్టినావు, సైకిలు పంపుక్కూడా ఎట్టినావు. నా కత్తికీ, కత్తిపీటకీ ఏనాడైనా ఎట్టినావా? ఒక్క పూటయినా సెలవిచ్చినావా?"

"దానికీ సెలవిస్తే మరి పులిహోర..." అని నాన్న ఆగిపోయాడు. ఆయన సర్వీసు మొత్తం మీద నేను చూసిన మంచి ఎమర్జెన్సీ బ్రేకు అదే.

"బొట్టు లేదు గాబట్టి పనిముట్టు కాదు. ఒట్టి కత్తి. ల్యాప్‌టాప్ పట్టుకోరా," అంది అమ్మ.

ల్యాప్‌టాప్ ఆపాను. స్క్రూలు అమ్మే తిప్పింది, కత్తి తనది కాబట్టి. గోళ్ళతో మూత అంచులు లేపాను. లోపల దూది లాంటి దుమ్ము. "ఇల్లంతా నాను తుడుస్తన్నాను, దీనికెవులూ దొరకనేదు," అంది అమ్మ. బ్యాటరీ తీగ ఊడదీసి, ముక్క గాడిని స్లాట్‌లోని బొడిపెకి కలిపి, ఏటవాలుగా తోసి కిందికి నొక్కాను. రెండు పక్కలా టక్కుమంది. తీగ మళ్ళీ పెట్టి, మూత బిగించి, బటన్ నొక్కాం.

తెర నల్లగానే ఉండిపోయింది.

"సెప్పినానా," అన్నాడు నాన్న, చాలా చిన్నగా. అప్ప కళ్ళు మూసుకుంది. కొత్త మెమరీ వేసిన మొదటిసారి ఇలా కాస్త ఆలస్యమవుతుందని నేను చదివాను. చదివానని గుర్తొచ్చింది గానీ, నమ్మకం మాత్రం రాలేదు. ఎంతకీ వెలగని తెర ఉన్నట్టుండి వెలిగింది. మొత్తం పన్నెండు జీబీ చూపించింది. అప్ప రెండో గదికి తలుపు పెట్టింది. మూడో గది లేచింది. మెట్లు కూడా పడ్డాయి.

ఆ మధ్యాహ్నమంతా నాన్న వీధి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. ప్రసాదాలు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా అక్కడే ఆపి, "లోన పిల్ల డ్యూటీలో ఉన్నాది," అని గొంతు తగ్గించి చెప్పాడు. ఆటో స్టాండులో మైకు తగ్గించమని స్వయంగా వెళ్ళి అడిగాడు. వాళ్ళు తగ్గించలేదు, లడ్డూలిచ్చి పంపారు. పొద్దు వాలకముందే అప్ప ఇల్లు కట్టేసి పంపించింది. పంపాక, ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ దించి, అలాగే చాప మీద నిద్రపోయింది.

తర్వాతి వారం మెయిల్ వచ్చింది. అప్ప అందరినీ నిలబెట్టి చదివి వినిపించింది. ఎంపికయ్యావు, వచ్చే నెల నుంచి పని మొదలు. అమ్మ అప్ప నోట్లో చక్కెర పోసింది. నాన్న మెయిల్ మళ్ళీ చదివించుకున్నాడు. రెండోసారి చదివేటప్పుడు కింద ఇంకో వాక్యం కనబడింది. చేరేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో కనీసం పదహారు జీబీ మెమరీ ఉండాలి.

అప్ప సెలక్టయింది, పన్నెండు జీబీ ల్యాప్‌టాప్ ఫెయిలైంది.

"ఒరే, ఎక్కడికిరా?" అంది అప్ప.

నేను అప్పటికే గోల్‌బజార్ వెళ్ళడానికి చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను.