సుభానీ గారి నెమలికంఠం సిరా

నిన్న మధ్యాహ్నం మా ల్యాబులో వడపోత కాగితం మీద ఒక నీలిచుక్క పడింది. గాజుగొట్టం కడుగుతుంటే చెయ్యి జారి పడిన చుక్క. మధ్యలో చిక్కగా నిలబడి, అంచుల వైపు పలచబడుతూ, చివరికి ఆకుపచ్చ ఛాయ ఉన్న సన్నని వలయమై ఆగిపోయింది. పని ఇంకా మిగిలే ఉంది. అయినా ఆ కాగితాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. పొద్దస్తమానం మిరపఘాటు తప్ప ఇంకే వాసనా తగలని ఆ గదిలో పాతికేళ్ల కిందటి సిరా వాసన తగిలినట్టయింది. కొంచెం ఆసుపత్రి వాసన, కొంచెం తడిగుడ్డ వాసన. సుభానీ గారి మూడు గదుల వాసన అది.

సుభానీ గారిని మీరెవరూ ఎరగరు. గుంటూరులో ఆయన తన ఇంటి వెనక మూడు గదుల్లో ఇంకు తయారుచేసేవారు. అంతకుముందు ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేశారు. చదివింది పదో తరగతి వరకే. కానీ లెక్చరర్లు పాఠం చెబుతుంటే తలుపు పక్కన నిలబడి విన్నదంతా ఆయనకు గుర్తుండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవారు. గోళ్ల మూలల్లో నీలం రంగు ఇంకిపోయి ఉండేది. శుక్రవారం నమాజుకు వెళ్లేముందు సున్నిపిండితో ఎంత రుద్దినా అది పోయేది కాదు. అల్లా దగ్గరికి ఇలాగే వెళ్లక తప్పదని నవ్వేవారు.

తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర చేరాను. పర్చూరు దగ్గర పల్లె మాది. బీయస్సీ థర్డ్ క్లాసులో పాసయ్యాను. ఆ మార్కులతో ఎక్కడా ఉద్యోగం రాలేదు. సీసాలకు లేబుళ్లు అంటించే పని దొరికితే అదే మహాభాగ్యమనుకున్నాను. నాతోపాటు నలుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లలో పెద్దావిడ ఖాజాబీ. సీసాలు నింపడం ఆవిడ పని. గరాటు లేకుండా, ఒక్క చుక్క ఒలకకుండా నింపేది. మొదటి నెల నేను లేబుళ్లు అంటిస్తూనే, అడుగున నలక కనిపించిన సీసాలను విడిగా పెట్టి, అవి ఏ డ్రమ్ములోవో ఒక అట్టముక్క మీద రాసుకునేదాన్ని. ఒకరోజు సుభానీ గారు ఆ అట్టముక్క చూశారు. ఇది చూడమని నీకెవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదండి, కనపడితే రాశానన్నాను. మర్నాడు నా బల్ల మీద ఒక ఇంకుపెన్ను, ఒక రూళ్ల పుస్తకం ఉన్నాయి.

అప్పుడే జెల్ పెన్నులు ఊరిమీద పడ్డాయి. తళతళలాడే రంగులు చూసి పిల్లలు వాటి వెంటపడ్డారు. మా ముదురునీలం, నల్ల సిరాలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఒంగోలు నుంచి రాఘవులు గారని ఒక వ్యాపారి వచ్చేవారు. ఆయన సరుకు వేసే ప్రైవేటు బడుల్లో పిల్లలు ఇంకా ఇంకుపెన్నుతోనే రాయాలన్న నియమం ఉండేది. మీరూ ఒక మెరిసే రంగు చేయండి, పిల్లలకు ఏడాదంతా అదే వేద్దామని ఆయన అడిగారు. సుభానీ గారు రెండు వారాలు తంటాలుపడి ఒక రంగు తీశారు. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. ఎండలో సీసా ఎత్తి పట్టుకుంటే గోడ మీద వెలుగు పడేది. ఖాజాబీ చూసి, ఇది మా చెల్లెలి నిఖా చీర రంగే, నెమలికంఠం అంది. ఆ పేరే ఖాయమైంది.

దాన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు. రోజూ ఒకే వాక్యం నూరుసార్లు రాయమంటారనుకున్నాను. ఆయన అలా చెప్పలేదు.

"రోజువారీ రాతకు పనికొస్తుందో లేదో తెలియాలమ్మా. పరీక్ష కోసం రాసింది రాత కాదు. నువ్వు నిజంగా రాయాల్సినవే రాయి. ఉత్తరాలు, సరుకుల చీటీలు, అడ్రసులు. నలభై రోజులు ఇంకో పెన్ను ముట్టుకోకు. ఏం జరిగిందో పుస్తకంలో పెట్టు."

ఆ రంగు నాకు విపరీతంగా నచ్చింది. పాళీ కాగితం మీద జారిపోయేది. ఒత్తి రాసినచోట చిక్కగా, తేల్చి రాసినచోట లేతగా, ఒక్క అక్షరంలోనే రెండు ఛాయలు పలికేవి. నా చేతిరాతే బాగుపడినట్టనిపించింది. మొదటి వారం పుస్తకంలో అవే రాశాను. అందంగా ఉంది, నునుపుగా నడుస్తోంది, మా హాస్టల్లో అందరూ మెచ్చుకున్నారు అని. సుభానీ గారు చదివి పుస్తకం మూసేశారు.

"ఇది పెళ్లిళ్ల పేరయ్య చెప్పినట్టుంది కోటేశ్వరీ. పిల్లాడు బంగారం అంటాడు. ఏం పని చేస్తాడో చెప్పడు."

సిగ్గేసింది. ఆ రోజు నుంచి ముచ్చటపడటం తగ్గించి చూడటం మొదలుపెట్టాను. మూత తీసి రెండు నిమిషాలు ఆగితే పాళీ కొసన సిరా ఎండి మొదటి అక్షరం పడటం లేదు. చవక కాగితం మీద వత్తుల్లో, అక్షరాల గుండ్రటి మలుపుల్లో కాస్త అలుక్కుంటోంది. కిటికీలో సగం అట్ట కప్పి పెట్టిన కాగితం నెల తిరిగేసరికి ఎండ పడినవైపు వెలిసిపోయింది. ఇవన్నీ రాశాను. రాస్తూనే లోలోపల ఈ రంగు గెలవాలని కోరుకున్నాను. ఇవన్నీ చిన్న లోపాలే, దిద్దుకోవచ్చని నాకు నేనే చెప్పుకున్నాను.

నలభై రోజులు నిండటానికి ముందు ఆదివారం మా ఊరు వెళ్లాను. మిరపకోతల కాలం. పెరట్లో పరదా మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. మా అమ్మకు చిన్నప్పుడు చదువు లేదు. ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెడితే, నలభై ఏళ్లు దాటాక వెళ్లి నేర్చుకుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, పైకి కూడబలుక్కుని చదివేది. నా ఉత్తరాలు ఇంకెవరి చేతా చదివించుకోకుండా తనే చదువుకోవడం ఆవిడకు పెద్ద గొప్ప. ఈసారి నేను రాసిన మూడు ఉత్తరాలూ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొన్ని వరసలు నీలపు మరకలై కలిసిపోయి ఉన్నాయి. రోజంతా మిరపకాయల తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మండుతాయి. అందుకని పక్కన తడిగుడ్డ పెట్టుకుని మాటిమాటికీ వేళ్లు అద్దుకునేది. ఆ తడి వేలే అక్షరాలను చెరిపేసింది. అది ఒక్కటే కాదు.

"నాలుగు రోజులు పట్టుకు తిరిగానే నీ ఉత్తరాన్ని. పగలేమో తీరదు. పొద్దుగూకాక బల్బు కింద పెట్టుకుంటే అచ్చరాలు ఆనలేదు. చదివేది మర్చిపోయానేమో అనుకున్నా. పక్కింటోళ్లని అడగటానికి నామోషీ వేసింది."

మా ఊళ్లో సాయంత్రమైతే కరెంటు నీరసంగా వచ్చేది. ఆ పచ్చటి వెలుతురులో ఉత్తరం విప్పి చూశాను. నిజమే. పగలు అంత మెరిసే రంగు పలచని నీడలా మిగిలింది. చురుకైన నా కళ్లకే కష్టంగా ఉంది. మా అమ్మ రంగును తప్పుపట్టలేదు. నన్నూ తప్పుపట్టలేదు. తన చదువునే అనుమానించుకుంది.

గుంటూరు వచ్చి పుస్తకంలో అదంతా రాయబోతుంటే ఖాజాబీ పక్కన వచ్చి కూర్చుంది. జరిగింది చెప్పాను. ఆవిడ మీద ఆధారపడి ఇంట్లో ముగ్గురున్నారు. ఈ సరుకు పోకపోతే మూడు గదులకూ తాళం పడుతుందని మాకందరికీ తెలుసు. నువ్వు రాసిందే ఆయన నమ్ముతాడు, బాగుందని రాస్తే పోయేదేముంది, పిల్లలు రాసేది పగలే కదా అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాను. హాస్టల్ మెట్ల మీద కూర్చుని, చివరికి ఉన్నది ఉన్నట్టే రాశాను.

సరుకు తీసుకెళ్లడానికి రాఘవులు గారు వచ్చిన రోజు సీసాలన్నీ నింపి, పెట్టెల్లో సర్ది ఉన్నాయి. సుభానీ గారు ఆ పుస్తకాన్ని ముందు తను చదవలేదు. రాఘవులు గారి ఎదుటే చదవమ్మా అని నా చేతికిచ్చారు. తడి సంగతి, ఎండ సంగతి, పాళీ సంగతి చదివాను. అమ్మ సంగతి కూడా చదివాను. రాఘవులు గారు ఓపిగ్గానే విన్నారు. చెడ్డమనిషేం కాదు ఆయన. పల్లెటూరి బల్బు కోసం బడిపిల్లల సరుకు ఆపుతామా అన్నారు. సుభానీ గారు, మీ అమ్మ గారన్న మాట మళ్లీ ఒకసారి చెప్పమన్నారు.

"చదివేది మర్చిపోయానేమో అనుకుందండి."

"విన్నారు కదండీ రాఘవులు గారూ. అక్షరం కనపడకపోతే తప్పు సిరాదని ఎవరూ అనుకోరు. కొత్తగా చదువుకునేవాళ్లు తమదే తప్పనుకుంటారు. బడిపిల్లలూ అంతే. వాళ్లూ సాయంత్రం ఆ బల్బుల కిందే పాఠం చదువుకోవాలి. ఈ సరుకు పంపను. నాకు పదిహేను రోజులివ్వండి."

రాఘవులు గారు ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు. పెట్టెలు విప్పి, సీసాలు మళ్లీ డ్రమ్ముల్లోకి ఒంపాం. ఖాజాబీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. భయంగానే ఉంది నాకు. కానీ థర్డ్ క్లాసు పిల్ల రాసిన నాలుగు పేజీల మీద ఒక పెద్దమనిషి తన పనంతా ఆపేశాడన్న సంగతి నన్ను నిటారుగా నిలబెట్టింది. అప్పటివరకు నా మాట మీద ఎవరూ ఏదీ ఆపలేదు.

ముదురునీలాన్ని చుక్కచుక్కగా కలుపుతూ పదకొండు రకాలు చేశారు. పాళీ ఎండిపోకుండా గ్లిజరిన్ పెంచారు. తళుకు కొంత తగ్గింది, అక్షరానికి నిండుతనం వచ్చింది. పదకొండోది తీసుకుని, మీ ఊరు వెళ్దాం పద అన్నారు. బస్సులో పర్చూరు దాకా వెళ్లి, అక్కడ ఆటో ఎక్కాం. కాగితం మీద ఏం రాయాలో దారిలో ఆయనే చెప్పారు, నేను రాశాను. మా అమ్మకు తెలిసిన సంగతి రాస్తే ఊహించి చదివేస్తుంది కాబట్టి తెలియనిదే రాయాలన్నారు.

పొద్దుగూకే వేళకు సుభానీ గారు మా ఇంట్లో బల్బు కింద నులకమంచం మీద కూర్చున్నారు. అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. ముందు బెదిరింది. తర్వాత వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒకావిడ పత్తి తీసే పనికి వెళుతూ చంటిపిల్లాణ్ని గట్టున గోతంపట్టా మీద పడుకోబెట్టడం, పిల్లాడు కొంచెం పెద్దయ్యాక బళ్లో వేయడం, వాడు ఇంటికొచ్చి చదువుతుంటే పలక వంక చూస్తూ కూర్చోవడం. సగంలో అమ్మ తలెత్తింది.

"ఈవిడ మీ అమ్మాండీ?"

"అవునమ్మా. ఆవిడకు చదువు రాలేదు."

అమ్మ మళ్లీ తల వంచి, ఒక్కచోట కూడా ఆగకుండా చివరిదాకా చదివింది. సుభానీ గారు మంచినీళ్లడిగి తాగారు. తిరుగు బస్సులో, మీ అమ్మ గొంతు గట్టిది అన్నారు.

తడికి చెదిరే గుణాన్ని ఆయన పూర్తిగా మాన్పలేకపోయారు. ఆ మాట లేబుల్ మీదే అచ్చువేయించారు: "రోజువారీ రాతకు మంచిది. తడి తగిలితే చెదురుతుంది. రిజిస్టర్లకు, దస్తావేజులకు వాడవద్దు." తన సరుకు లోపం తనే అచ్చేసుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదని, గడువుకు తిరిగొచ్చిన రాఘవులు గారు తలపట్టుకున్నారు. అయినా సరుకు తీసుకెళ్లారు. బడులు మళ్లీ అడిగాయి. ఆ సీసాలు నింపిన మొదటి రోజు ఖాజాబీ నా దగ్గరికి వచ్చి, మీ అమ్మ నిజంగా అంతా చదివిందా అని అడిగింది. చదివిందన్నాను. ఆవిడ కొంగుతో ఒక సీసా తుడిచి నా చేతికందించింది.

నెమలికంఠం అయిదారేళ్లు నడిచింది. తర్వాత బడులు కూడా బాల్ పెన్నులకు ఒప్పుకున్నాయి. మూడు గదులూ మూసేసే ముందు సుభానీ గారు మా అందరికీ వేరే పని దొరికేదాకా తిరిగారు. ఖాజాబీని తెలిసిన వాళ్ల కుట్టుపని కేంద్రంలో పెట్టించారు. మిరపకారం నాణ్యత పరీక్షించే ల్యాబుకు నన్ను పంపుతూ, నేను అనుభవం సర్టిఫికెట్ అడిగితే నా రూళ్ల పుస్తకం చేతిలో పెట్టి, ఇదే చూపించమన్నారు. అక్కడి అధికారి పది పేజీలు తిరగేశారు. నా మార్కుల జాబితా అడగలేదు. ఆ అధికారికి నేను సుభానీ గారి దగ్గర పనిచేశానని చెప్పినప్పుడు నా గొంతులో పలికిన గర్వం నాకే కొత్తగా వినిపించింది. సుభానీ గారు పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. చివరిసారి చూసినప్పుడు గోళ్ల మూలలు తెల్లబడి ఉన్నాయి.

మా ల్యాబులో రిపోర్టులు ఇంగ్లీషులో, అంకెల్లో ఉంటాయి. రైతులు తెచ్చిన శాంపిళ్లకు మాత్రం నేను ఇంకో కాగితం తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసిస్తాను. అలా రాయమని ఏ రూల్సులోనూ లేదు. మొన్న పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన కాయల్లో తేమ ఎక్కువని రాశాను. తేమ ఎక్కువైతే ధర తగ్గుతుంది. వరండాలో బల్ల మీద కూర్చుని, పెదాలు కదుపుతూ నిదానంగా అంతా చదివారు. చదివి లేచొచ్చి, మీరు రాసింది నాకు అర్థమైంది గానీ నేను ఒప్పుకోను, మా కాయలు నాలుగు ఎండలు గట్టిగా ఎండాయన్నారు. ఆయన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసి, ఆయన ఎదుటే మళ్లీ తూచి, మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి తేమ తక్కువ వచ్చింది. మొదటిసారి తూకం రాసుకోవడంలో తప్పు నాదే. పాత కాగితం కొట్టేసి, తప్పు జరిగిందని రాసి, కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం చేశాను. ఆయన దాన్ని కూడా చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.