జేబుల బ్లేడు

గప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతున్న. మిరియాల తీగను షేవింగ్ బ్లేడుతోని పల్చగ కోసి, లోపలి ఖనిజ స్ఫటికాలను మైక్రోస్కోపు కింద చూసుడే నా పని. పాతబస్తీల కర్ఫ్యూ. పొద్దుగాల కాసేపు సడలించిన్రని హుస్సేనీ ఆలం నుంచి కాలేజీకి బయలెల్లిన. గల్లీ చివర పోలీసులు ఆపిన్రు. ఒకడు నా జేబులకెల్లి బ్లేడు తీసిండు.

"ఎవర్ని కోయనీకిరా?" అని చెంప మీద కొట్టిండు.

"మిరియాల తీగను సార్! దాంట్ల స్ఫటికాలుంటయి" అని సంచిలోని తీగ ముక్క ఇచ్చిన. ఎండకు పట్టి చూసిండు.

"ఏం లేవు గదరా!"

కాలేజీ కార్డు చూపిచ్చిన. పొమ్మన్నడు.

నా వెనకాలనే మా గల్లీల చెప్పులు కుట్టే యాదన్న ఉన్నడు. ఆయన సంచిల తోలు కోసే కత్తి దొరికింది.

"బతుకుదెరువు సార్" అని చేతిలున్న సగం కుట్టిన చెప్పు చూపిచ్చిండు. కార్డు లేదు. కొట్టుకుంట వ్యాన్ల ఎక్కిచ్చిన్రు. మళ్ల ఆయన మా గల్లీకి రాలే.

ఎవ్వరికీ కానరాని నా స్ఫటికాలను నమ్మినోళ్లు, ఆయన చేతిల సగం కుట్టిన చెప్పును నమ్మలే.