సేమ్ టు సేమ్ అన్న నోరు

కంప్యూటర్‌లోనే గిటార్ ఆంప్‌లన్నీ దొరుకుతున్నాయని ఎవరైనా మురిసిపోతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు, దాన్ని చూసి నేను అన్న మాట గుర్తొస్తుంది.

రెండువేల ఏడో, ఎనిమిదో. వనపర్తిలో మా బావ, అంటే అక్క భర్త, ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఆయన పాడేవాడు, నేను గిటార్. నా ఆంప్‌ను, అదే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెను, ఆత్మకూరులో రేడియోలు బాగుచేసే ఒక తాత పాత వాల్వు రేడియోల సామానుతో కట్టి ఇచ్చాడు. స్విచ్ వేశాక లోపలి గాజు బుడ్లు, అవే వాల్వులు, వేడెక్కేదాకా ఆగాలి. చెప్పుల్లేకుండా తీగలు ముట్టుకుంటే జిల్లుమని షాక్ కొట్టేది. అయినా మెల్లగా మీటితే గొణిగేది, గట్టిగా మీటితే గొంతు చించుకుని అరిచేది. నేల మీద రెండు పెడళ్లు, ఒకటి గరగర శబ్దానికి, ఒకటి ఎకోకు. కాలితో తొక్కితే చాలు.

బావకు ఆ పెట్టె బరువంటే మంట. "గీ డబ్బ మోసి మోసి నడుము పోతుంది. దీంట్ల యాభై డబ్బలున్నయి, సూడు" అని హైదరాబాద్ నుంచి ఒక సీడీ తెచ్చాడు. తెర మీద ఆంప్‌ల బొమ్మలు, వాటికి గుండీలు, కింద వరసగా పెడళ్ల బొమ్మలు. గిటార్ వైరు కంప్యూటర్‌కు తగిలించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నెమ్మదైన పాట ఒకటి వాయించాను. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది.

"మన డబ్బకు, దీనికి ఏమన్న ఫరక్ ఉందా?" అని అడిగాడు బావ.

"సేమ్ టు సేమ్ బావా" అన్నాను. కొత్త వస్తువు ముందు పాతవాడిలా కనపడకూడదని పొగరు.

దసరాకు మా సామానంతటికీ ఆయుధపూజ చేసేవాళ్లం. ఆ ఏడు బావ మానిటర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, సీపీయూ ముందు కొబ్బరికాయ కొట్టాడు. నా ఆంప్ ఏదంటే "గోదాంల ఉంది తియ్" అన్నాడు. మనసు చివుక్కుమంది. పండగ పూట గొడవెందుకని కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నాను.

ఆ తర్వాత ఖిల్లా ఘణపూర్‌లో పెళ్లి. బరువు తగ్గుతుందన్న పెద్దమనిషి మానిటర్‌ను దుప్పట్లో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని జీపులో కూర్చున్నాడు. సీపీయూ, యూపీఎస్ నా కాళ్ల మీద. ఏం తగ్గిందో ఆయనకే తెలియాలి!

స్టేజీ మీద హుషారు పాట ఎత్తుకున్నాం. నేను తీగ మీటుతున్నాను, శబ్దం ఆగి వస్తోంది. ఇంట్లో నెమ్మది పాటలో తెలియని ఆలస్యం ఇక్కడ పట్టుబడింది. డ్రమ్స్ ముందు పోతుంటే నా గిటార్ వెనక కుంటుకుంటూ నడిచింది. గరగర కావాల్సిన చోట కాలు అలవాటుగా వట్టి నేలను తొక్కింది. మౌస్ పట్టుకుందామంటే రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి.

"గిటార్ పిలగాడు నిద్రవోతుండా ఏంది?" అని పెళ్లికూతురి మేనమామ అరిచాడు. ముందు వరసంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే గోదాం తలుపు తీశాను. నా పెట్టె ముందు భాగంలో గుండ్రటి బొక్క. స్పీకర్ లేదు. వెనక వాల్వులూ లేవు.

"ఎవర్నడిగి ఇప్పినవ్ బావా?"

"నిన్నడిగే ఇప్పిన. సేమ్ టు సేమ్ అన్నవా, లేదా? ఫరక్ లేనప్పుడు రెండెందుకని స్పీకర్ డీజే బాక్సుకు ఏసిన. తక్కిన సామాన్ తూకానికి పోయింది."

చెయ్యి ఎత్తాను. అక్క అడ్డం రాకపోతే కొట్టేవాణ్నే. నిజానికి బావ మాటలో అబద్ధం లేదు, నాకు ఎక్కువ కాలింది అక్కడే.

ఆ వారంలోనే ఆత్మకూరు బస్టాండులో తాత ఎదురయ్యాడు. నా చెయ్యి పట్టుకుని, "మన డబ్బ మంచిగ పలుకుతుందా బిడ్డా? గదే గొంతా?" అని అడిగాడు.

"గదే తాతా, సేమ్ టు సేమ్" అన్నాను.

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "నేను కట్టింది గట్లనే ఉంటది మరి" అని నా భుజం తట్టి వెళ్లాడు.

బస్సెక్కాక పక్క సీటులో ఎవరో ఆవిడ చూస్తుండగానే నా నోటి మీద నేనే ఫెడీమని కొట్టుకున్నాను.