గొలుసు తీసేసిన ఇంజన్

దెయ్యం మాటెత్తినవాణ్ణి మొహం మీదే తిట్టే మనిషిని నేను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను, అలంకారాలు రావు. చూసింది రాస్తున్నాను.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో రిటైరయ్యాక, లింగియాడీహ్ దగ్గర కారు ఇంజన్లు పరీక్షించే చిన్న షెడ్డులో పనికి కుదిరాను. అక్కడి ఇంజనీరు సత్యవతి మా పార్వతీపురం వైపు పిల్ల. ఒక కొత్త ఇంజన్‌లో టైమింగ్ చైన్, అంటే వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు, ఒక వేగం దగ్గరకు రాగానే గలగలమని వణికేది. ఆ వణుకు తగ్గిస్తేనే కంపెనీ మా షెడ్డును ఉంచుతుంది. లేకపోతే మూతే.

పిల్ల గొలుసును బిగించి పట్టే టెన్షనర్ మార్చింది. గొలుసు ఒరుసుకుంటూ సాగే పట్టీ ఆకారం మార్చింది. వణుకును చూపించే స్క్రీన్ మీద గీత ఎగరడం మానేసింది. నేను ఇనుప కడ్డీ ఒక కొస ఇంజన్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి విన్నాను. రైల్వేలో అంటిన అలవాటు. గలగల లేదు.

"నీ గొలుసు తొంగున్నాదే పిల్లా," అన్నాను.

"జోల నువ్వు పాడినావేటి తాతా?" అని నవ్వింది.

కంపెనీవాళ్లు పట్టపగలే వచ్చారు. ఇంజన్ నడిచినంతసేపూ గీత బుద్ధిగానే ఉంది. ఆపగానే లేచింది. ఆగిన ఇంజన్ మీద అదే పాత వణుకు! వైర్లు మార్చాం, ఫ్యాన్లు ఆపాం, పక్కవాళ్ల జనరేటరూ ఆపించాం. దగ్గర్లో రైలు కూడా ఏదీ పోవడం లేదు.

"అచ్ఛా, బంద్ ఇంజన్ భీ నాచ్తా హై?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఆపిన ఇంజన్ ఆడే చోట కొలతలు నమ్మలేమని చెప్పి కారెక్కాడు.

వాళ్లు పోయాక సత్యవతి కవరు విప్పి, గొలుసు ఊడదీసి ట్రేలో పడేసింది. గీత ఆగలేదు. నేను కడ్డీ ఆనించాను. గొలుసు లేని ఇంజన్‌లో గొలుసు గలగల. ట్రేలోదాన్ని ముట్టుకున్నాను. కదలకుండా పడి ఉంది.

"తాతా, నీకూ ఇనబడతందా?"

"ఇనబడతందమ్మీ."

పిల్ల నేల మీద కూలబడింది. "ఉన్నదాన్ని తగ్గించినాను. లేనిదాన్ని ఏటి చేసి తగ్గించను తాతా?"

నేను కడ్డీ పక్కన పెట్టి, పిల్ల పక్కనే నేల మీద కూర్చున్నాను.

షెడ్డు మూసేశారు. తెలిసిన ఇంజనీర్లను అడిగితే ముసలాడి చెవుల సంగతి మాట్లాడారు. స్క్రీన్‌కి చెవులున్నాయా మరి?

ఇంజన్ను తుక్కు కింద లారీకెక్కించే రోజు సత్యవతి రాలేదు. లారీ ఇంకా స్టార్టు చెయ్యలేదు. ఆ ఇనుము మీద చెయ్యి వేశాను. వణుకుతూనే ఉంది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.